పక్కింటి కుక్కర్ కూడా పాడిన మైకు

అమ్మా, మేమంతా కులాసా, నా గొంతు కూడా బాగానే ఉంది, కంగారుపడకు.

పిల్లల పాఠాల పాటలు ఇంట్లోనే పాడి పంపే పని దొరికిందని రాశాను కదా. మీ అల్లుడు వారం రోజులు వెతికి, "తక్కువ ధరలో ఇదే గొప్పది, చీమ నడిచినా వినిపిస్తుంది" అంటూ ఒక మైకు తెచ్చారు. నిజంగానే వినిపించింది. పక్కింటి కుక్కర్ కూత, మా ఫ్యాను గోల, ఈయన దగ్గు అన్నీ పాటలో పడ్డాయి. పని ఇచ్చినావిడ విని, "పాట బావుందండీ, ఆ దగ్గేదెవరు?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. శనివారంలోగా శుభ్రంగా పంపకపోతే వేరేవాళ్లకు ఇస్తానంది.

నేనే మైకు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. "ఇది చప్పుడు లేని గదులకమ్మా. మీకు స్టేజీ మీద చేత్తో పట్టుకుని పాడే మైకు చాలు. నోటికి దగ్గరగా పెట్టుకుంటే దూరపు చప్పుళ్లు అంతగా పడవు" అని దుకాణం పెద్దాయన ఇంకా తక్కువ ధరది మార్చి ఇచ్చాడు. ఈ మాట ముందే అడిగితే మీ అల్లుడి సొమ్మేం పోయేది? గది మోత పడకుండా బట్టల బీరువా తెరిచి, అందులో తల పెట్టి పాడాను. చెమటతో తడిసిపోయాను గానీ, ఆవిడ పాట ఒప్పుకుంది. ఇంకో ఆరు ఇచ్చింది.

నీ చెవి మిషను బాగుచేయించారా? ఫోన్లో అరిచి అరిచి విసుగొచ్చే ఈ కార్డు రాస్తున్నాను. తమ్ముణ్ని అడిగితే రేపంటాడు. పాట వాడి ఫోనుకు పంపాను. మిషను పెట్టుకుని చివరిదాకా విని, ఎలా ఉందో నువ్వే రాయి. మీ అల్లుడు బావుందన్నారు గానీ, మైకుల విషయంలో ఆయన మాట నమ్మే రోజులు పోయాయి.

నాన్నకు నమస్కారాలు.

నీ పెద్దమ్మాయి