నిన్ను చంపిన బండ

నాయినా,

వీపనగండ్ల చేనులో బావి తవ్వుతుంటే నీ మీదికి దొర్లిన బండను ఈరోజు, నీ సంవత్సరీకం నాడు, పగలగొట్టాను.

నువ్వు చేసినట్టే ముందు నీళ్లు చల్లి, తడి ఆరని గీతను, బండ లోపలి పగులు జాడను, వెతికాను. "కొట్టకముందే పగిలినట్టు కండ్లల్ల కనవడాలె బిడ్డా, గప్పుడే సమ్మెట ఎత్తు" అనేవాడివి. కనబడేదాకా కదలకుండా నిలబడ్డాను. అప్పుడు ఎత్తాను. ఒక్క దెబ్బకే బండ నిలువునా చీలింది.

నేను ఆపలేదు. పెచ్చు ఎగిరి నొసలు చీరింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా కొట్టాను. అమ్మ ఉరికొచ్చి నా చేయి పట్టుకుంది.

"ఇగ సాలు బిడ్డా, అది సచ్చింది."

విడిపించుకుని మళ్లీ ఎత్తాను. నాకు ముందే కనబడింది రెండు చెక్కలు కాదు నాయినా, కంకర.