రెండు మాత్రల్లోనూ ఒకటే మందు

ఏమండీ,

కాఫీ తాగి మళ్లీ నిద్రపోయారు, లేపబుద్ధి కాలేదు. కింద స్కూలు బస్సు హారన్ కొడుతోంది. పిల్లలకంటే టీచరే ఆలస్యమైతే బాగుండదు.

పెరుగన్నం కలిపి పెట్టాను, తినండి. పంటి నొప్పి మళ్లీ వస్తే మీ అంతట మీరు ఏ మాత్రా వేసుకోవద్దు. డాక్టరుగారి నంబరు ఫ్రిజ్ మీద అంటించాను, ముందు ఆయన్ని అడగండి. జలుబు మాత్రల కోసం వెతక్కండి, అన్నీ పారేశాను. పంటికని పారాసిటమాల్, జలుబుకని ఇంకొకటి, రెండూ రోజంతా మింగుతూనే ఉన్నారు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే మందని అట్ట వెనక చదివితే గానీ నాకు తెలియలేదు. ఇకమీదట ఏ మాత్రైనా వెనక పేరు చదివాకే వేసుకోవాలి.

ఆ రోజు ఆసుపత్రికి పదండంటే "నాకేమైంది, బానే ఉన్నాగా" అంటూ మీరు సోఫాలోంచి కదల్లేదు. పక్క ఫ్లాట్ కాషిఫ్ భాయ్‌ని బతిమాలి కారు తీయించానని దారంతా ముఖం ముడుచుకున్నారు. డాక్టరుగారేమన్నారు? "మొదట్లో బాగున్నట్టే ఉంటుందమ్మా, లోపల లివర్ దెబ్బతింటుంది. వేళకి తెచ్చారు." విరుగుడు సెలైన్‌లో ఎక్కించినంతసేపూ మీరు నా చెయ్యి వదల్లేదు. నిన్న రిపోర్టు చూసి "లివర్‌కి ఏమీ కాలేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాకే నాకు ఆకలేసింది.

సాయంత్రం కాషిఫ్ భాయ్ వస్తారు. నవ్వుతూ మాట్లాడండి.

చాముండేశ్వరి

పొద్దున కాఫీలో పంచదార తక్కువైందని విసుక్కున్నారు కదా. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది అందుకు కాదండీ. మీరు ఇంటికొచ్చి మళ్లీ ఎప్పటిలా విసుక్కుంటున్నారని.