నూట పదహారు సోడియం

ఏప్రిల్ 3
సిరిసిల్లలో మా సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, మమ్ముల కన్న అవ్వ బతికున్నన్ని దినాలు ఆపనని తమ్ముడు ప్రభాకర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చిండు. ఇరవై ఏడేండ్ల కింద. ఆర్నెల్లు కాకముందే తుక్కుకు అమ్మిండు. మగ్గాల చప్పుడు ఏమైందిరా అని అడుగుకుంటనే పోయింది అవ్వ.

ఇప్పుడా చప్పుడు కోరుట్లలో నా గోడలోంచి వస్తున్నది. బిడ్డ సింధూజకు వినపడదట. జగిత్యాల తీసుకపోయింది. సైకియాట్రిస్ట్ గోలీ రాసిండు. ఇన్ని పుస్తకాలు చదివి చివరికి చదివేది ప్రిస్క్రిప్షన్.

ఏప్రిల్ 11
చప్పుడు ఆగింది. నోరు ఎండుతున్నది. గోలీ వేడి చేస్తది బాపూ, నీళ్లు బాగా తాగు అంటది సింధూజ. పక్కింటి లసుమవ్వ, సార్ నోరు చల్లబడాలంటే కుండ చాలదు, చెరువు కావాలె అన్నదట. తాగుతున్న.

ఏప్రిల్ 19
అక్షరాలు పేజీ మీద నిలుస్తలేవు. మెల్లగా ఈదుకుంట మార్జిన్ దాటి పోతున్నయి. పోనిచ్చిన.

ఏప్రిల్ 21
తలంతా దూది. హాయిగుంది.

ఏప్రిల్ 26, ఆస్పత్రి
మంచం మీంచి పడ్డనట. సోడియం నూట పదహారు. పెండ్లిలో కట్నం చదివించినట్టు చదివింది నర్సు. ఆ గోలీతోని ఏదో హార్మోన్ ఎక్కువైందట. అది ఒంట్లో నీళ్లను బయటికి పోనియ్యదట. మీదికెళ్లి మేం కుండలకు కుండలు పోసినం. నెత్తుట్ల ఉప్పు పలచబడ్డది, నూట ముప్పై ఐదుకు తగ్గొద్దట. డాక్టర్ గోలీ మార్చిండు. దినానికి లీటరు నీళ్లే. సింధూజ మొఖం తిప్పుకొని ఏడ్చింది.

ఏప్రిల్ 28
నేను తెలివిలో లేనప్పుడు ప్రభాకర్ వచ్చిండట. వాని చెయ్యి పట్టుకొని, పోనియ్ తమ్మీ, అవ్వ నిన్నేమనలేదు అన్ననట. వార్డంతా విన్నదట. అంత ముసలోడు ప్రభాకర్ వెక్కి వెక్కి ఏడ్చిండట.

నాకు గుర్తున్నది ఇంతే. నీళ్ల అడుగున సాంచాలు చప్పుడు లేకుండ ఆడుతున్నయి. బట్ట సాగుకుంట, సాగుకుంట పోతున్నది. దాని కొసన పదేండ్ల తమ్ముడు నిలబడ్డడు. వాని మీద నాకు ఏ కోపమూ లేదు.

మే 2
ఇల్లు చేరిన. ప్రభాకర్ రోజూ ఫోన్ చేసి అన్నా అంటడు. ఆ మాట నాది కాదు, నూట పదహారుది అని సింధూజతో చెప్పిన. మరి తిట్టేటప్పుడు ఎంతుంటది బాపూ నీ సోడియం అని అడిగింది.

మే 6
నూట ముప్పై ఆరు. అక్షరాలు కుదురుగున్నయి. రేపు ప్రభాకర్ వస్తడట.

నా లీటరు అయిపోయింది. కుండ పక్కన చానాసేపు కూసున్న. ఇంకో నాలుగు చెంబులు తాగితే వాడు మళ్లా తమ్ముడైతడు.

మే 7
తాగలేదు. సాంచాలు అమ్మిన తప్పు ప్రభాకర్‌దే.