గుడ్డ కప్ప

నల్లపాడు,
3-2-1986

తాడేపల్లి మిషను బడి సంజీవరావు పంతులుకి, నల్లపాడులో దూదేకే మాబు సాహెబు రాసేది.

పదేళ్లయింది. ఉప్పెనకి ముందు ఏడు, కాలవ లాకుల దిగువ గుంట గట్టు మీద, పాతికమంది చూస్తుండగా నువ్వన్న మాట నేను మర్చిపోయాననుకున్నావేమో. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొస్తుంది. గాలానికి ఎరగా నేను కుట్టిన గుడ్డ కప్పకి నాలుగు కిలోల కొరమీను పడింది. దాని నోట్లోంచి గాలం తీస్తూ నువ్వు, "ఒరే మాబూ, ఈ గుడ్డలో బతికిన కప్ప ఉందేంట్రా" అని అరిచావు. అదీ నా వియ్యంకుడు హయాత్ పక్కనుండగా! నేను నిన్ను చెంప మీద కొట్టాను. కప్పని నీ చేతిలోంచి లాక్కుని కాలవలోకి విసిరాను. జనం నా మాటే నమ్మారు. ఓర్వలేక అన్నావన్నారు. అబద్ధాల పంతులని పేరు పెట్టారు. బాగా పెట్టారు. ఆ తరవాత నువ్వు ఆ గట్టు ఎక్కలేదు.

ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న నీ కూతురు రెబ్కా మా ఇంటికొచ్చింది.

"మామయ్యా, నాన్న రిటైరయ్యాడు. పొద్దస్తమానం ఏదో ఒక గుంట దగ్గర ఒక్కడే కూర్చుంటున్నాడు. ఒక్క చేప పడటం లేదు. ఒక కప్ప కుట్టివ్వండి" అంది.

"ఏం, మీ నాన్నకి నోరు పడిపోయిందా? వచ్చి అడగలేడా?" అన్నాను.

"నోరు బాగానే ఉంది మామయ్యా. మీ పేరెత్తితేనే పడిపోతుంది" అంది. పిల్ల గట్టిదే. నీ పోలిక రాలేదు.

తరవాత సంచిలోంచి నువ్వు కుట్టినదాన్ని తీసి నా ముందు పెట్టింది. పంతులూ, అది కప్పా, తలగడా? దాంట్లో పత్తి కూరతావా? గుంటూరు జిల్లాలో పుట్టి పత్తి నీళ్లు తాగుతుందని తెలీదా నీకు? నాలుగు విసుర్లకి రాయిలా అడుక్కి పోతుంది. బూరుగు దూది కూరాలి. అది తడవదు, తేలుతుంది. అదీ వదులుగా కూరాలి. చేప నోట్లో పట్టి నొక్కితే కప్ప కడుపు అణిగి గాలం ముళ్లు బయటపడాలి. పైన గొడుగు గుడ్డ వెయ్యాలి, మైనం రాసిన దారంతో కుట్టాలి. నువ్వు ముళ్లు రెండూ కిందికి పెట్టావు. దాంతో చేపని పడతావా, గుర్రపుడెక్కని పడతావా? ముళ్లు పైకి తిరిగి వీపుకి ఆనుకుని ఉండాలి, అప్పుడే నాచు మీద జారుకుంటూ వస్తుంది. కాళ్లకి సైకిలు ట్యూబు సన్నగా చీల్చి కడితే నీళ్లలో వణుకుతాయి. నువ్వేమో లాగు నాడా కట్టావు. ఇంక ఆ ఎర్ర గుడ్డేంటి? బురద నీళ్లకి నలుపు, తేట నీళ్లకి ఆకుపచ్చ అని ఎన్నిసార్లు చెప్పాను! కప్ప ఎర్రగా ఉంటుందని మీ బళ్లో చెప్తారా? నాచు లేని చోట అసలు కప్పే పనికిరాదు, అక్కడ చేపపిల్లలా మెరిసే ఇత్తడి రేకు విసరాలి. ఇవన్నీ నీకు చెప్పినవే. నేను నీకు చేపలు పట్టడం నేర్పాను, నువ్వు నాకు అక్షరాలు నేర్పావు. నీ అక్షరాలు నేను మర్చిపోలేదు, చూస్తున్నావుగా. ఎవడి చేతా రాయించలేదు.

బతికిన కప్పని గాలానికి గుచ్చితే అది అరిచే అరుపు ఒకసారి విని, మళ్లీ ఆ పని చెయ్యనని నీ ముందే ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. అందుకే గుడ్డతో కుట్టడం మొదలుపెట్టాను. అలాంటివాణ్ణి పట్టుకుని పదిమందిలో దొంగని చేశావు.

కప్ప కుట్టాను. గూట్లో ఉంది. నీకు కావాలంటే, ఆ రోజు అబద్ధం ఆడానని రాసి సంతకం పెట్టి పంపు. పదో తారీకు దాటిందంటే పొయ్యిలో పడేస్తాను.

ఇట్లు,
నీకేమీ కాని
మాబు సాహెబు

*

నల్లపాడు,
12-2-1986

ఒరే సంజీవా,

నీ కార్డు అందింది. కార్డు మీదా రాసేది, బుద్ధి లేనివాడా? కవరు దొరకలేదా నీకు? పోస్టుమాను జాన్ బాషా దాన్ని బజార్లో నిలబడి పైకి చదివాడు. "మాబూ, ఆ రోజు నేను అబద్ధం ఆడాను. గుడ్డలో ఏమీ లేదు. క్షమించు. కప్ప పంపకపోయినా ఫర్వాలేదు, ఒక ఆదివారం గుంట దగ్గరికి రా" అని. చదివి, "చూశావా సాయిబూ, పంతులు ఒప్పుకున్నాడు" అని నా వీపు తట్టాడు. టీ కొట్టు దగ్గర నలుగురూ నవ్వారు. నాకు నోట్లో మన్ను కొట్టినట్టయింది.

మా ఆవిడ లాల్‌బీ, "పదేళ్ల నుంచి కోరుకుంటున్నది వచ్చిందిగా, ఇంకెందుకా మొహం?" అంది. నేను లేచి చావిట్లోకి పోయి కూర్చున్నాను.

ఎవడు రాయమన్నాడు నిన్ను? నేనే రాయమన్నాను, సరే. రాయమంటే రాసెయ్యడమేనా? ముప్పై ఏళ్లు బళ్లో అబద్ధం చెప్పిన పిల్లల్ని బెత్తంతో కొట్టినవాడివి. ముసలితనంలో నా మొహం చూడ్డానికి ఇంత అబద్ధం రాసి, దాని కింద సంతకం పెడతావా?

గుడ్డలో కప్ప ఉంది. నీకు తెలుసు, నాకు తెలుసు.

ఆ రోజు పొద్దుటి నుంచి విసిరాను. చేప కదల్లేదు. అవతల గట్టు మీద బతికిన కప్పలతో పట్టేవాళ్లు, "పరుపులు కుట్టుకోక నీకెందుకు సాయిబూ" అన్నారు. అది నేను పడేవాణ్ణి. కానీ హయాత్ కూడా నవ్వాడు. నా కొడుక్కి పిల్లనిచ్చినవాడు. గుడ్డ కప్పకి చేప పడి తీరుతుందని నేనే మంగళగిరి నుంచి వాణ్ణి వెంటబెట్టుకొచ్చాను. ఒంటేలుకి పోయొస్తానని జమ్ము పొదల వెనక్కి పోయాను. కుట్లు విప్పి, దూది తీసేసి, చిన్న కప్పని పట్టి లోపల పెట్టి మళ్లీ కుట్టాను. గుడ్డ లోపల అది అరవలేదు. అరిచి ఉంటే ఆగేవాణ్ణేమో. రెండో విసురుకే చేప కొట్టింది. ఆ చేపని నేను తినలేదు, హయాతుకే ఇచ్చేశాను.

నిన్ను కొట్టింది నువ్వు అబద్ధం చెప్పావని కాదు, నిజం చెప్పావని. అంతమాత్రాన నీ తప్పు లేదని నేననను. చూశావు, బాగానే ఉంది. పక్కకి పిలిచి చెవిలో "ఏంట్రా ఈ పని" అంటే నీ కాళ్లు పట్టుకునేవాణ్ణి. తప్పు కనిపిస్తే చాలు, గట్టిగా చదివేస్తావు. అది పిల్లకాయ పలక కాదురా, నా మొహం. ఆ కోపం నాకింకా ఉంది, పోదు కూడా.

ఇరవై మూడో తారీకు ఆదివారం నీ ఆరాధన అయ్యే వేళకి లాకుల దగ్గరికి వస్తాను. హయాతుని కూడా రమ్మని కబురు పెట్టాను. ఆనాడు ఆ గట్టు మీదున్నవాళ్లలో ఎంతమంది బతికుంటే అంతమంది ముందు చెప్తాను. నువ్వు పక్కనే నిలబడాలి. జాలిపడి "పోనీలే మాబూ" అని అడ్డమొచ్చావా, కాలవలోకి తోస్తాను. కప్ప పోస్టులో పంపను, నేనే తెస్తాను. నీ చేతికి ఇచ్చి, విసరడం ఎంత మర్చిపోయావో చూస్తాను.

నీ కార్డు ఇందులోనే పెట్టాను. అబద్ధం ఆడానని రాసిన మాట నీ చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి తిప్పి పంపు. ఈసారి కవర్లో పంపు. ఇరవై ఒకటో తారీకు శుక్రవారం నాటికి నాకు అందాలి. అందకపోతే శనివారం మొదటి బస్సుకి నీ గుమ్మంలో ఉంటాను, కలం నీ చేతిలో పెట్టి ఆ మాట కొట్టేయిస్తాను. వస్తావో రావో కూడా అందులోనే రాయి. శుక్రవారం. ఒక్క రోజు కూడా ఆగను.

మాబు