కారు సెట్టు విప్పిన సంగతి

బూర్గంపాడు,
మార్చి 2007.

భాస్కర్ బావగారికి నమస్కారం.

అక్క, పిల్లలు కులాసా అనుకుంటాను. మీరు నాకు అమ్మిన కారులో పాటల సెట్టు మూగబోయింది. తెర మీద అన్నీ గీతలే. ఖమ్మం షోరూంకు తీసుకుపోతే మెకానిక్ సెట్టు వెనక్కి టార్చి వేసి చూసి, "మొత్తం మార్చాలె సార్, గిది బాగుగాదు" అన్నాడు. ఎట్లా పాడైందని అడిగితే, "అమ్మినాయన్నే అడగండి" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కొత్తది అంటగట్టడానికే ఈ నాటకమనుకుని, ఇంటికొచ్చి నేనే విప్పాను.

లోపలంతా ఒండ్రు, బావగారూ. పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది. నిరుడు గోదారి మా ఇంట్లోకి వచ్చి పోయాక బీరువా అరల్లోంచి నేను గీకి తీసింది ఇదే. దీన్ని గుర్తుపట్టడానికి నాకు మెకానిక్ అక్కర్లేదు.

వరదకు ముందే కారును భద్రాచలం నుంచి ఖమ్మం తరలించానని మీరే కదా చెప్పారు. మీ మాట నమ్మి, పాపం ఆ షోరూం అతన్ని దొంగను చేశాను.

అక్కకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారంలోగా ఆమెను వెంటబెట్టుకుని వచ్చి మీరే చెప్పండి. రాకపోతే అక్కను పిలిపించి, ఆమె ముందే సీట్లు కూడా విప్పుతాను.

ఇప్పటికైతే మీ బావమరిదిని.