మూట లోపలి చీటీ

జూన్ 2, 2008. సోమవారం, ఉదయం 6:00

కొత్త డైరీ, కొత్త శపథం! మా కాలేజీ కంప్యూటర్ పాఠాలు పదింటిని 12వ తేదీలోగా స్కార్మ్ పద్ధతిలో యూనివర్సిటీ సైటుకు ఎక్కిస్తాను. స్కార్మ్ అంటే ఆన్‌లైన్ పాఠాల మూట కట్టే నియమం. పాఠం ఫైళ్లు, ఏది ఎక్కడుందో చెప్పే జాబితా, అన్నీ కలిపి ఒక జిప్ ఫైలు. అంతే!

ప్రిన్సిపాల్ చెన్నయ్య సారు మాట: "పది ఎక్కితేనే నీ కాంట్రాక్టు ఇంకో ఏడాది, శ్రవణ్. లేకుంటే నా చేతుల ఏం లేదు."

నియమాలు:
1. ఆరింటికే పని.
2. రోజుకో పాఠం.
3. ఎవరినీ సలహా అడగను. గద్వాలలో ఇది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే!

జూన్ 3. ఉదయం 6:20

'కీబోర్డు' పాఠం తయారు. మా ఊళ్లో గుడ్డలో చుట్టనిదే చీర గడప దాటదు. నేనూ అంతే. అన్నీ ఒక ఫోల్డరులో సర్ది, ఆ ఫోల్డరును జిప్ చేశాను. సాయంత్రం ఇలియాస్ నెట్ సెంటరులో ఎక్కించడానికి నలభై నిమిషాలు.

సైటు జవాబు: జాబితా దొరకలేదు.

దొరక్కపోవడమేమిటి? నా చేత్తో పెట్టాను!

జూన్ 4

మళ్లీ అదే జవాబు. ఇలియాస్ అన్నాడు: "సార్, జర ఎవరినన్న అడుగున్రి."

ఎవరిని? మూడో నియమం.

జూన్ 6. ఉదయం 8:30

కరెంటు లేదు. వచ్చేసరికి నిద్ర పట్టింది. ఎండాకాలం పెందలాడే లేవడం ఒంటికి మంచిది కాదట. ఎవరన్నారో గుర్తులేదు.

జూన్ 9

జాబితాను 'ముఖ్యం' అనే ఫోల్డరులో పెట్టాను. దాన్ని ఇంకో ఫోల్డరులో భద్రంగా దాచాను. ఇప్పుడెలా దొరకదో చూస్తాను!

దొరకలేదు.

జూన్ 10

కొల్లాపూర్ మామిడిపళ్లు వచ్చాయి. తిన్నవి ఆరు. ఎక్కిన పాఠాలు సున్నా. ఉద్యోగం పోతుందని భయంగా ఉంది.

జూన్ 11. మధ్యాహ్నం 3:00

నా భార్య స్వరూప షావుకారికి పంపే చీరలు మూట కడుతోంది. ఏ రంగువి ఎన్నో రాసిన చీటీని పై ముడిలో దోపింది. ఉండబట్టలేక గోడు వెళ్లబోసుకున్నాను.

"జాబితా ఏడ పెట్టినవ్?"

"ఫోల్డరులో. అది ఇంకో ఫోల్డరులో. అది జిప్‌లో."

"చీటీ మూడు మూటల లోపట పెడితే షావుకారికి ఎట్ల తెలుస్తది? మీది ముడి ఇప్పంగనే కనపడాలె గద!"

ఫోల్డర్లన్నీ తీసేశాను. ఫైళ్లనూ జాబితానూ పక్కపక్కనే పెట్టి నేరుగా జిప్ చేశాను.

సాయంత్రం 5:10. పాఠం అందింది!!! ఇలియాస్ చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా కళ్లు తుడుచుకున్నాను.

జూన్ 12

పదికి ఒకటి. చెన్నయ్య సారు తల పట్టుకున్నారు. యూనివర్సిటీ వాళ్లను ఫోన్లో బతిమాలి పదిహేను రోజుల గడువు తెచ్చారు. "ఇగ ఇదే ఆఖరు. గద్వాలల ఇది తెలిసినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

"ఒకరున్నారు సార్. మా ఇంట్లోనే."

జూన్ 13. ఉదయం 8:45

స్వరూప ఈ డైరీ చదివేసింది. "తెలిసినోనివి నువ్వొక్కనివేనా?" అని మొదటి పేజీ నా ముఖం ముందు పెట్టింది. మూడో నియమం కొట్టేశాను.

కొత్త శపథం! రోజుకో పాఠం. స్వరూప చూశాకే జిప్. ఆరింటికే పని, రేపటి నుంచి.

ఈ నియమాల కాగితం డైరీ లోపల పెట్టలేదు. అట్ట మీద అంటించాను.