ఆరో పేజీ

ప్రియమైన అమ్మకి,

మన ఇంట్లో నన్ను ఎవరూ సరిగ్గా చదవలేదు. తమ్ముడు పోయిన రోజు నేను ఏడవలేదని పిన్ని ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. ఏడాది తిరక్కుండా నేను హాస్టల్లో చేరినప్పుడు, "దీనికి గుండె ఉండాల్సిన చోట కాలిక్యులేటర్ ఉందే అమ్మా" అని అన్నయ్య అన్నాడు. నువ్వు కూడా నవ్వావు. ముల్లు అని పేరు పెట్టినప్పుడూ అందరూ నవ్వారు. సరే, నేనూ నవ్వాను. కానీ ఇప్పుడు ఆ ముల్లు దొంగసంతకం కూడా చేస్తుందట.

నిన్న మా మేడమ్ నన్ను పిలిచి తలుపు వేసింది. మా ఆఫీసులో తలుపు వేసి మాట్లాడారంటే ఉద్యోగమైనా పోవాలి, పెళ్ళైనా కుదరాలి. బల్ల మీద అన్నయ్య ఫిర్యాదు ఉంది. "మా అమ్మ ఫ్లాటు అమ్మకం ఒప్పందం మీద ఉన్న ఎలక్ట్రానిక్ సంతకం మా అమ్మది కాదు. ఆ రోజు మా చెల్లెలు ఇంటికి వచ్చి ఉంది. అమ్మ ఫోన్లో ఆ ఏర్పాట్లన్నీ చేసిపెట్టింది తనే. ఇలాంటి సంతకాలు చూసుకునే కంపెనీలోనే తన ఉద్యోగం." మొదటి మాట సంగతి నాకు తెలియదు. తర్వాతి మూడూ నిజాలే. మూడు నిజాలు వరసగా పేర్చి నా మెడకి చుట్టాడు.

సంతకాల మీద తగాదాలొస్తే తేల్చే విభాగంలో నేను రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. "నేను చేయలేదు" అనే మాట రోజుకి పదిసార్లు వింటాను. ఇప్పుడు ఆ మాట నేనే అనాల్సి వచ్చింది. విచారణ తేలేదాకా నన్ను పక్కన కూర్చోబెట్టారు. అది నేను చేసిన సంతకమని తేలితే ఉద్యోగంతో పాటు పరువూ పోతుంది. ఆ తర్వాత పోలీసులు.

నీకు గుర్తుందిగా, ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో లేను. నీ కళ్ళజోడు కాడ ఊడిందని రుమాల్లో చుట్టి నువ్వే నా చేతికిచ్చావు. కళ్ళజోళ్ళ షాపులో గంటసేపు కూర్చున్నాను. ఆ సంగతి ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు. నీ ఫోను మా ఆఫీసువాళ్ళు పరీక్షకి పట్టుకెళ్ళారట కదా, అందుకే ఇలా ఉత్తరం రాస్తున్నాను.

నీ
ముల్లు

---

నా చిట్టి ముల్లుకి,

ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. వంటింట్లో చీటీలు రాసే పెన్నుతోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నవ్వకు.

నువ్వు ఏడవలేదని పిన్ని అనుకుంటే అనుకోనీ. దానికి పని లేదు.

ఆ సంతకం నేను చేయలేదమ్మా. కళ్ళజోడు నీ దగ్గరుంటే నాకేం కనిపిస్తుంది చెప్పు? ఫోన్లో అక్షరాలు చీమల బారుల్లా పాకుతుంటాయి. మీ అన్నయ్య కూడా అదే అడిగాడు, కళ్ళజోడు లేని మనిషి పన్నెండు పేజీలు చదివి ఎలా సంతకం పెడుతుందని.

అసలు ఫ్లాటు అమ్ముదామని మొదట అన్నది నేనే, కాదనను. ఏజెంటు నా ఫోనుకి ఒప్పందం పంపిన మాటా నిజమే. మీ అన్నయ్య చూద్దాంలే అన్నాడు. నేనూ చూద్దాంలే అనుకున్నాను. ఇంతలో ఒకరోజు కొన్నావిడ టేపు పట్టుకుని వచ్చేసింది, పరదాలకి కిటికీలు కొలుచుకుంటానని. నర్సట పాపం, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. మీ అన్నయ్య తెల్లబోయాడు. చిన్నోడి గది గుమ్మంలో నిలబడి, "తమ్ముడి గదిని పరాయివాళ్ళకి అమ్ముకునే అమ్మ ఎక్కడైనా ఉంటుందా? చెప్పమ్మా, నువ్వు చేశావా?" అన్నాడు. చేయలేదన్నాను. ఆవిడ టేపు చుట్టుకుని వెళ్ళిపోయింది.

నువ్వు చేయలేదని నాకు తెలుసు. కానీ ఆ మాట రాసివ్వడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు కాదని రాస్తే మరి ఎవరని అడుగుతారు కదమ్మా. కొన్నాళ్ళు ఓపిక పట్టు, అన్నీ అవే సర్దుకుంటాయి. వేళకి తింటున్నావా?

ఆశీస్సులతో,
అమ్మ

---

అమ్మా,

ఏవీ వాటంతటవే సర్దుకోవు. ఎవరో ఒకరు సర్దితేనే సర్దుకుంటాయి.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు షాపతను నీ కళ్ళజోడు దీపం కింద పెట్టి చూసి, "ఇది ఊడిపోలేదండీ, ఎవరో విప్పారు. స్క్రూ గాడి మీద కొత్త గీత ఉంది చూడండి" అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేమీ తోచడం లేదు. నీకు కనపడకుండా చేయాల్సిన అవసరం ఎవరికుంది? ఆ రోజు ఇంట్లో మిగిలింది నువ్వూ అన్నయ్యా. నీ ఫోను ఏ మూల పెడతావో, దాని తాళం అంకెలేమిటో వాడికి తెలుసు. తనే సంతకం పెట్టేసి, తర్వాత భయం వేసి నా మీదకి నెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు వాడు, పక్కవాళ్ళ భుజాలు తడిమే రకం.

మన ఇంటి ఫైలు కాబట్టి నన్ను ముట్టుకోనివ్వరు. కానీ నేను జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆ ఒప్పందం లాగ్ కాపీ గురువారం ఇస్తారు. లాగ్ అంటే ఆ పత్రం నడిచిన దారి అనుకో. ఎప్పుడు తెరిచారు, ఏ ఫోన్లో తెరిచారు, ఏ పేజీ మీద ఎంతసేపు ఆగారు, అన్నీ దానంతటదే రాసుకుంటుంది. మనుషులు మర్చిపోతారు, అది మర్చిపోదు. వాడి అడుగులు అందులో కనిపిస్తాయి. కనిపించాక నన్ను ఆపొద్దు.

నీ
ముల్లు

---

బంగారుతల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి బియ్యం డబ్బాలో దాచాను. మీ అన్నయ్యని ఏమీ అనకు. వాడు కాదు. ఎలా తెలుసని అడగొద్దు, వాడు కాదంతే. వాడికి కోపం ఎక్కువే గానీ చిన్నోడి చొక్కాలు ఇప్పటికీ వాడే ఉతికి మడతపెడతాడు. ఎవరికీ చెప్పడు.

నీకో మాట చెబుతాను, పిచ్చిదాన్ననుకోకు. మధ్యాహ్నం మూడూ నలభైకి చిన్నోడి గదిలో బ్యాగు నేలకేసిన చప్పుడు వినిపిస్తుంది. వాడు బడి నుంచి వచ్చి పడేసేవాడే, "మెల్లగా పెట్టరా, కింద ఇంటివాళ్ళ నెత్తి పగిలేలా" అని అరిచేదాన్నే, అదే చప్పుడు. తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. మొదట్లో పరుగెత్తుకెళ్ళి తలుపు తీసేదాన్ని. ఇప్పుడు వెళ్ళను, కూర్చున్నచోటే కూర్చుంటాను. చప్పుడు అయ్యాక ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంటుంది. వాడు "అమ్మా, ఆకలి" అని ఎప్పుడంటాడా అని గోడలు కూడా ఎదురుచూస్తుంటాయి. ఆ మాట మాత్రం వినపడదు.

ఎవరికి చెప్పుకోను? మీ అన్నయ్యకి చెబితే డాక్టరు దగ్గరికి పదమంటాడు.

నువ్వు ఒక ఉపకారం చెయ్యి. మెషిన్ తప్పు చేసిందని మీ కంపెనీ చేత ఒక ముక్క రాయించు. మెషిన్ మీద పడితే ఎవరికీ నొప్పి ఉండదు కదా. నీ ఉద్యోగం నీకుంటుంది, మీ అన్నయ్య తమ్ముడి గది వాడికుంటుంది. నేను ఎలాగో ఉంటాను. అలవాటేగా.

ఆ లాగ్ ఏదో, నువ్వు చూడకపోతేనే మంచిది తల్లీ.

అమ్మ

---

ప్రియమైన అమ్మకి,

చూశాను.

అన్నయ్య అడుగులు దొరుకుతాయని పెన్సిలు చెక్కుకుని మరీ కూర్చున్నాను. పదిహేను వరసలున్నాయి, ఆ పత్రాన్ని పదిహేనుసార్లు తెరిచారు. మొదటిసారి మధ్యాహ్నం మూడూ నలభై. రెండోసారి మర్నాడు మూడూ నలభై ఒకటి. మూడోసారి మళ్ళీ మూడూ నలభై. నాలుగో వరసకి వచ్చేసరికి పెన్సిలు కింద పెట్టేశాను. ఆఫీసులో జనం ఉన్నారు, టీ కప్పుల చప్పుడు, ఎవరిదో ఫోను మోగుతోంది. వాటి మధ్యలోంచి నాకు బ్యాగు పడిన చప్పుడు వినిపించింది.

పద్నాలుగు రోజులు, ఒక్క రోజు కూడా తప్పలేదు. మిగతా పేజీల మీద రెండు మూడు సెకన్లు, ఆరో పేజీ మీద ఇరవై రెండు నిమిషాలు. మర్నాడు ముప్పై ఒకటి. ఒకరోజు అయితే నలభై. ఆరో పేజీలో ఫ్లాటు నక్షా ఉంది. అందులో మూడో గది, తూర్పు కిటికీ, మూలకి చిన్న గోడ అలమర. దొంగసంతకం పెట్టేవాళ్ళు పద్నాలుగు రోజులు ఒక గదిని చూస్తూ కూర్చోరు. చప్పుడు విని నువ్వు గదిలోకి వెళ్ళడం మానేశానన్నావే, మానలేదు. ఫోన్లోంచి వెళ్ళావు.

పదిహేనో రోజు నేను ఇంటికి వచ్చిన రోజే. ఆ రోజు పన్నెండు పేజీలూ నిమిషంలోపే దాటిపోయాయి, ఆరో పేజీ రెండు సెకన్లలో. ఫోనుకి కోడ్ వచ్చి దానంతటదే నిండింది, వేలితో సంతకం పడింది. సమయం మూడూ ముప్పై ఆరు. బ్యాగు చప్పుడుకి నాలుగు నిమిషాల ముందు.

కళ్ళజోడు లేకుండా సంతకం ఎలా పెడతానన్నావు. కళ్ళజోడు ఉన్న పద్నాలుగు రోజులూ పెట్టలేకపోయావమ్మా. ఆ గది కనపడుతుంటే నీ వేలు కదల్లేదు. అందుకే కుట్టుమిషన్ సొరుగులోని చిన్న స్క్రూడ్రైవర్‌తో నువ్వే కాడ విప్పి, రుమాల్లో చుట్టి, నా చేతికిచ్చి బయటికి పంపావు. ఆ స్క్రూడ్రైవర్ ఎక్కడుంటుందో అన్నయ్యకి ఈ జన్మలో తెలియదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుందని మమ్మల్ని ఎన్నిసార్లు తిట్టావు? నువ్వు చేసింది మాత్రం దొంగతనం కాదు. నీ ఇల్లు నువ్వు అమ్ముకున్నావు. ఇందులో దొంగతనమంటూ ఉంటే అది తర్వాత "చేయలేదు" అన్న ఆ ఒక్క మాటే. గుమ్మంలో అన్నయ్య అలా అడిగితే ఎవరైనా అదే అంటారేమో. నేనైతే ఏమనేదాన్నో నాకు తెలియదు.

కొన్నావిడ నిన్న మా ఆఫీసుకి వచ్చింది. అద్దె ఇల్లు ఖాళీ చేసేసి, అక్కగారి హాల్లో అట్టపెట్టెల మధ్య పడుకుంటోందట. నేను ఎవరినో తెలియక నా పక్కనే కూర్చుని చెప్పుకుంటూ పోయింది. "కొనకముందు ఆ గది పెద్దావిడే చెయ్యి పట్టుకుని చూపించిందండీ. ఇందులో ఎవరిని పడుకోబెడతావమ్మా అని అడిగింది. మా పాపనండీ అన్నాను. మంచిది, పొద్దున్నే వెలుతురు వస్తుంది, గోలగోలగా ఉండనీ ఈ గదిని అంది. అలాంటి మనిషి అబద్ధమాడుతుందంటే నమ్మలేకపోతున్నానండీ." ఆవిడ సంచిలో ఆ టేపు ఇంకా ఉంది.

ఇక నా సంగతి. నేను ఏడవలేదని, రాతిగుండెదాన్నని, చదువు మీద యావతో ఇల్లు వదిలానని కదా మీ లెక్క. ఆ చప్పుడు నేనూ విన్నానమ్మా. తమ్ముడు పోయిన వారానికే విన్నాను, మూడూ నలభైకి. నువ్వు పరుగెత్తుకెళ్ళి తలుపు తీసేదానివి, నేను హాల్లో పుస్తకం ముందు పెట్టుకుని చూసేదాన్ని. ఖాళీ గదిని చూసి నువ్వు మెల్లగా తలుపు దగ్గరికి వేసేదానివి. నీకు మాత్రమే వినిపిస్తోందని నువ్వు, నాకు మాత్రమే వినిపిస్తోందని నేను. ఒకే ఇంట్లో నెలల తరబడి ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. ఆ తలుపు వేసే చప్పుడు భరించలేక హాస్టల్‌కి పోయాను. బహుశా అన్నయ్య కూడా వింటూనే ఉన్నాడేమో, చొక్కాలు మడతపెడుతూ. అడుగు వాణ్ణి.

మెషిన్ తప్పు చేసిందని రాయించమన్నావు. అది చేయలేదు. నిన్ను సరిగ్గా చదివింది అదొక్కటే.

విచారణ రేపు పదకొండింటికి. లాగ్ పదిహేను వరసలూ ఇస్తున్నాను. కళ్ళజోడు సంగతీ, షాపతను చెప్పిన మాటా చెబుతున్నాను. ఈ ఉత్తరం నీకు అందే రోజుకి చెప్పడం అయిపోయి ఉంటుంది. ఆ సంతకం మా అమ్మదే, ఆ ఫ్లాటు కొన్నావిడదే.

నీ
ముల్లు